చెప్పుకుంటే బరువు దిగుతుందని మీకెవరు చెప్పారు?

‘యాక్సిడెంట్ సీన్‌కి ప్రాణం పోయాలంటే’ అనే మెసేజ్ ఈమధ్య నాకు మళ్ళీ మళ్ళీ వస్తోంది. పంపేది ఎవరో కాదు, కథలు రాసే మిత్రులే. పైన దండం ఎమోజీ, కింద ‘కొత్త రచయితలకు తప్పక పంపండి’. పంపినవాళ్ళలో నేను గౌరవించే పెద్దలు కూడా ఉన్నారు. వాళ్ళు చివరిదాకా చదవకుండానే పంపారని అనుకోవాలని ఉంది.

అందులో ఎనిమిది పాయింట్లున్నాయి. మొదటిది, అర్ధరాత్రి కూర్చుని పొట్టి వాక్యాలు రాస్తే భయం బాగా పలుకుతుందట. ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు రాసుకుంటారు. దాని గురించి మాట్లాడి టైమ్ వేస్టు చేసుకోను.

రెండోది అలా వదిలేసేది కాదు. ‘ప్రమాదం జరిగిందని తెలిస్తే వెంటనే అక్కడికి చేరుకోండి. బాధితులను ముట్టుకోకండి, కేసులో ఇరుక్కుంటారు. దూరంగా నిలబడి ప్రతి వివరం రాసుకోండి.’ మెడ, వెన్ను ఇష్టమొచ్చినట్టు కదిలించకూడదన్న ఒక్క అర్థంలో తప్ప ఈ మాటల్లో నిజం లేదు. సాయం చేసినవాళ్ళని వేధించకూడదని 2016 మార్చిలోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ వచ్చింది. మంచి మనసుతో సాయం చేసినవాళ్ళ మీద సివిల్ కేసూ క్రిమినల్ కేసూ ఉండదు. పేరు, అడ్రసు చెప్పి తీరాలని బలవంతం చేయకూడదు. ఆసుపత్రిలో ఆపకూడదు, డబ్బు కట్టమనకూడదు. నెత్తురోడుతున్న మనిషి ఎదురుగా ఉన్నాడు, మీ చేతిలో ఫోన్ ఉంది. 2005 నుంచి మన దగ్గర 108 ఉంది. ఆ ఫోన్‌తో చేయాల్సిన పని అది. నోట్స్ రాసుకోవడమేమిటండీ? ఆ స్థలం చూడాలనుకుంటే తర్వాత వెళ్ళండి. అదే వేళకి వెళ్ళండి. మలుపు దగ్గర వెలుతురెంత ఉంటుందో, ఏ బండి ఎక్కడ హారన్ కొడుతుందో, టీకొట్టు నుంచి రోడ్డు ఎంతవరకు కనిపిస్తుందో చూడండి. అవన్నీ నెల తర్వాత కూడా అక్కడే ఉంటాయి.

ఇక మూడో పాయింటు. నేను ఇదంతా రాయడానికి కారణం ఇదే. ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: ‘బాధితులను వీలైనంత త్వరగా కలవండి. ఆలస్యమైతే వివరాలు మరిచిపోతారు. మొహమాటపడకండి. చెప్పుకుంటే వాళ్ళ గుండె బరువు దిగుతుంది. మీరు వాళ్ళకి మేలే చేస్తున్నారు.’

మా పిన్ని కొడుకు హైవే మీద లారీ కింద పడి పోయాడు. పెద్దకర్మ ఇంకా కాలేదు. బాబాయికి కొంచెం పరిచయమున్న ఒకాయన వచ్చాడు, కథలు రాస్తాడట. పరామర్శకి వచ్చాడనుకుని పిన్ని లేచి కూర్చుంది. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక ‘అమ్మా, ఫోన్ వచ్చినప్పుడు మీరేం చేస్తున్నారు?’ అని అడిగాడు. బియ్యంలో రాళ్ళు ఏరుతున్నానంది. ‘చాట చేతిలోనే ఉందా, జారిపోయిందా?’ అన్నాడు. పిన్ని జవాబు చెప్పాలనే చూసింది. చాట పట్టుకున్నట్టే రెండు చేతులూ ముందుకు చాపి, వేళ్ళు వంచి, గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. ఆయన ఓపిగ్గా ఎదురుచూశాడు. ఆమెకి గుర్తు రాలేదు. ఆయన వెళ్ళిపోయాడు కానీ ఆ ప్రశ్న పోలేదు. ‘చాట కింద పెట్టి ఫోన్ ఎత్తానా? అందుకే లేటైందా? ముందే ఎత్తి ఉంటే?’ అని పిన్ని చాలాకాలం మమ్మల్ని అడుగుతూనే ఉంది. వాడు పోవడానికీ ఆ ఫోన్‌కీ సంబంధం లేదని ఎంత చెప్పినా వినేది కాదు. అంతకు ముందు ఆ ఇంట్లో లేని అనుమానం అది.

ఇది ఒక్క ఇంటి కథేలే అనుకునేవాళ్ళుంటారు. అందుకే చెబుతున్నాను. ప్రమాదం జరిగిన వెంటనే కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పిస్తే మనసు తేలికపడుతుందని ఒకప్పుడు నిపుణులు కూడా నమ్మారు. 1980ల నుంచి దాన్ని ఒక పద్ధతిగా వాడారు. తర్వాత పరీక్షించి చూశారు. ఇంగ్లండ్‌లో ఆసుపత్రిలో చేరిన రోడ్డు ప్రమాద బాధితుల్లో కొందరితో ఒకటి రెండు రోజుల్లోనే, శిక్షణ ఉన్నవాళ్ళ చేత, ఇలా మాట్లాడించారు. మిగిలినవాళ్ళని మామూలుగా వదిలేశారు. మూడేళ్ళ తర్వాత చూస్తే మాట్లాడించినవాళ్ళ పరిస్థితే అధ్వానంగా ఉంది. ముఖ్యంగా మొదట్లో బాగా కలతపడినవాళ్ళలో, ఎవరూ కదిలించనివారు కోలుకున్నారు, మాట్లాడించినవారు అలాగే ఉండిపోయారు. ఆ ఫలితాలు 2000లో వెలువడ్డాయి. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిలో కూడా జరిగింది చెప్పమని ఒత్తిడి చేయొద్దని స్పష్టంగా ఉంది. పక్కన కూర్చోండి, ఏం కావాలో కనుక్కోండి, వాళ్ళంతట వాళ్ళు చెబితే వినండి. అంతవరకే.

చికిత్స చేద్దామని వెళ్ళిన శిక్షణ ఉన్నవాళ్ళ వల్లే అలా జరిగితే, మన సీన్ కోసం వెళ్ళిన మనం ఏ మేలు చేస్తాం? మనకి కావలసింది వివరం. ఏడుపు ఆగకముందే ఇంకో ప్రశ్న అడగాలనిపిస్తుంది. దానికి మేలు అని పేరు పెట్టకండి.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. అసలెవరూ అడగకపోవడం కూడా కొందరికి దెబ్బే. బిడ్డ పోయిన ఇంట్లో చుట్టాలు ఆ బిడ్డ పేరే ఎత్తరు. పేరు విని ఎన్నాళ్ళయిందో అని తల్లి కుమిలిపోతుంది. కాలు పోయిన మనిషి దగ్గర అందరూ వాతావరణం గురించే మాట్లాడతారు. అలాంటివాళ్ళు కొందరు ఏళ్ళ తర్వాత కూడా వినేవాళ్ళ కోసం చూస్తుంటారు. ‘మావాడి గురించి రాయండి’ అని వాళ్ళే అడుగుతారు. అప్పుడు తప్పకుండా వెళ్ళండి. కానీ మొదలెట్టేది వాళ్ళు, ఆపేది వాళ్ళు, రెండోరోజు ‘వద్దులెండి, అది రాయకండి’ అనే హక్కు కూడా వాళ్ళదే. కథ అచ్చుకి వెళ్ళేముందు రోజు ఫోన్ చేసి వద్దన్నా సరే.

నాలుగోది: ‘ఆ క్షణంలో ఏమనిపించిందని తప్పక అడగండి, కథకి గుండెకాయ అదే.’ తలకి బలమైన దెబ్బ తగిలినవాళ్ళలో చాలామందికి ఆ క్షణమే గుర్తుండదు. బండి స్టార్ట్ చేయడం గుర్తుంటుంది, తర్వాత వార్డులో ఫ్యాను గుర్తుంటుంది. మధ్యలోది మెదడులో నమోదే కాలేదు. మీరు గుచ్చి గుచ్చి అడిగితే విన్నవీ, పేపర్లో చదివినవీ కలిపి ఏదో ఒకటి చెబుతారు, తర్వాత దాన్నే తమ జ్ఞాపకమని నమ్ముతారు. కథకి గుండెకాయ కావాలంటే ఆ ఖాళీనే రాయండి.

వాస్తవికత అంటారా, అది దొరికే చోట్లు వేరే ఉన్నాయి. క్యాజువాల్టీలో పనిచేసే డ్యూటీ డాక్టర్ని, నర్సుని, 108 సిబ్బందిని వాళ్ళ తీరిక వేళలో, ఏ రోగి పేరూ రాకుండా, పని ఎలా జరుగుతుందో చెప్పమని అడగండి. మన కథల్లో కోమా నుంచి మనిషి చటుక్కున లేచి పేరు పెట్టి పిలుస్తాడు. కేసుషీటులో మనిషికి స్పృహ ఎంత ఉందో అంకెల్లో చెప్పే గ్లాస్గో స్కేల్ ఉంటుంది, 1974 నుంచి వాడుకలో ఉన్నది. కళ్ళు తెరవడానికి 4, మాటకి 5, కదలికకి 6 దాకా. అన్నీ కలిపి 15, ఏమీ లేకపోతే 3. నోట్లో గొట్టం ఉంటే మాట దగ్గర అంకె వేయరు, ‘టి’ అని రాస్తారు. కొందరు కళ్ళు తెరిచినా ఎవరినీ గుర్తుపట్టరు. ‘నిన్న 7, ఇవాళ 8’ అని డాక్టరు చెబితే ఆ ఒక్క అంకె పట్టుకుని ఇంటిల్లిపాదీ అన్నం తింటారు. అది రాయండి.

ట్రిబ్యునల్ తీర్పులు చదివారా? ప్రమాద పరిహారం కేసుల్లో గాయం ఎక్కడ, ఎన్నిసార్లు ఆపరేషన్, మనిషి ఏ పని చేసేవాడు, ఇప్పుడు ఏం చేయలేడు, తోడు ఎవరుండాలి, అన్నీ ఉంటాయి. 2010లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పిన ఉదాహరణ చూడండి. ఎడమచెయ్యి పోతే వైకల్యం సుమారు 60 శాతం అని డాక్టరు రాయొచ్చు. ఆ మనిషి డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన దాదాపు నూటికి నూరుపాళ్ళూ పోయినట్టే. గవర్నమెంటు గుమాస్తా అయితే ఉద్యోగం పోకపోవచ్చు. ఒకే గాయం, రెండు జీవితాలు. ఏ బాధితుడినీ కదిలించకుండా మీకో నవల దొరికింది.

అయిదోది, ఫోన్ జేబులో రికార్డింగులో పెట్టుకోండి, చెబితే సహజంగా మాట్లాడరు అని. ఇది మోసం. వేరే పేరు లేదు.

ఆరోది, వాట్సాప్‌లో తిరిగే ప్రమాదం వీడియోలు చూసి నెత్తుటిని వర్ణించడం నేర్చుకోండి అని. ఆ వీడియోలో ఉన్న మనిషికి కూతురుంటుంది, ఆ వీడియో ఆ అమ్మాయి ఫోన్‌కీ వస్తుంది. పైగా అందులో ప్రమాదం అంతా ఉండదు కూడా. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర వోల్వో బస్సు కాలి 45 మంది చనిపోయారు. వీడియోలో మంటలు కనిపిస్తాయి. తమవాళ్ళు ఎవరో తేల్చడానికి డీఎన్ఏ పరీక్షకి రక్తం ఇచ్చి కూర్చున్న కుటుంబాలు కనిపించవు. అలాగే తలకి దెబ్బ తగిలినా ‘నాకేం కాలేదు’ అని లేచి, బండి పక్కకి తీసి, నీళ్ళు తాగి, కొన్ని గంటలకి కుప్పకూలేవాళ్ళుంటారు, లోపల రక్తం చేరడం వల్ల. ఆ సీన్లో ఒక్క చుక్క నెత్తురు కనిపించదు.

ఏడోది: ‘పేర్లు మారిస్తే చాలు.’ చాలదు. 2018 సెప్టెంబరులో కొండగట్టు దగ్గర ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా పోయారు. చాలామంది చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. అలాంటి చోట లక్ష్మిని సరస్వతి చేస్తే ఎవరు పోల్చుకోరు? ఊరు, పండగ ముందురోజు, పెళ్ళి కుదిరిన పిల్ల, ఎర్ర చెప్పు, ఇన్ని ఉంచి పేరొక్కటి మారిస్తే ఊరంతా చదువుకుంటుంది. తప్పు ఎవరిదని మీరు కల్పించి రాసింది కూడా నిజమైపోతుంది. మనుషుల వయసు, వృత్తి, బంధుత్వం, చోటు, కాలం మార్చండి. మీ పాత్ర మీదే కావాలి.

ఎనిమిదోది: ‘తెలియకుండా రాయకండి, కనుక్కుని రాయండి.’ దీనికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. మనసారా ఒప్పుకుంటాను. తెలియక రాసిన కథల్లో బాధితుల బతుకు తేలికైపోతుంది, వాళ్ళు చదివి నొచ్చుకుంటారు. కావాలంటే ఈ ఒక్క పాయింటునే ఫార్వర్డ్ చేయండి. మూడోదాన్ని ఇప్పటికే పంపినవాళ్ళు మాత్రం అదే గ్రూపులో, అదే మెసేజ్ కింద, అది తప్పని రాయండి. డిలీట్ చేస్తే సరిపోదు, ఎవరో ఒకరు ఈపాటికే చదివి బయలుదేరి ఉంటారు.