గోడలో పుట్టిన బెంచీ గారికి, నడుం పట్టేసిన ఇంటాయన విన్నపం

బెంచీ గారూ,

నమస్కారం. నుంచునే రాస్తున్నా, ఎందుకో మీకు తెలుసు.

ఈ ఇల్లు తీసుకున్నప్పుడు అందరూ "పెద్ద ఆర్కిటెక్ట్ గీసిన పాత ఇల్లంటగా, పెట్టి పుట్టారు" అన్నారు. కాదన్లేదు, పొద్దున్నే ఆ పొడుగు కిటికీలోంచి ఎండొచ్చి, ఇంటితో పాటే గోడలో కలిపి కట్టేసిన మీ మీద పడి అలా మెల్లగా గోడ చివరిదాకా పాకుతుంటే చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. చూడ్డానికి. కూర్చోడానికైతే మొన్న టేపు పెట్టి కొలిచా, మీ లోతు 14 అంగుళాలు, వీపు ఆనే చెక్క నిటారుగా, సీటు బల్లపరుపుగా. మామూలు కుర్చీకైనా సీటు వెనక్కి కాస్త వాలుగా ఉంటుందండీ, మనిషి ముందుకి జారిపోకుండా. మీ మీద పది నిమిషాలు కూర్చుంటే హెడ్మాస్టర్ రూం బయట నాన్న కోసం వెయిట్ చేస్తున్న ఫీలింగు.

పాత డ్రాయింగుల్లో మీ మీద ఒకాయన ఉంటాడు చూడండి, సన్నగా, కాలు మీద కాలేసుకుని, చేతిలో పుస్తకం. ఆయనకి పిల్లల్లేరు, చార్జర్ లేదు, మడతపెట్టాల్సిన బట్టల కుప్ప లేదు, అత్తగారు అసల్లేరు. మా అత్తగారు మొదటిసారి వచ్చినప్పుడు మిమ్మల్ని ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చూసి "సోఫా ఇంకా రాలేదా బాబూ" అనడిగారు. ఆ మాటకి మీరు ఇప్పటికీ అలిగే ఉన్నారని నా అనుమానం, ఎందుకంటే మర్నాడే మీ మూల తగిలి మా చిన్నాడి నుదుటి మీద ఇంత బొప్పి.

అయినా మీ వంశానికి ఇదేం కొత్త కాదులెండి. అమెరికా ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ అంతటాయన, ఇంటితో పాటు బల్లలూ బెంచీలూ కూడా తనే గీసిన మనిషి, తన పాత ఫర్నిచర్ తగిలి దాదాపు జీవితమంతా ఒంటి మీద ఎక్కడో చోట కమిలే ఉండేదని తనే రాసుకున్నాడు. బెల్జియం ఆర్కిటెక్ట్ హెన్రీ వాన్ డి వెల్డే అయితే 1895లో ఇల్లు కట్టుకుని అందులోకి నప్పేలా భార్యకి గౌన్లు కూడా గీసిచ్చాడు. ఇక 1951లో మీస్ వాన్ డెర్ రో అనే ఇంకో పెద్ద ఆర్కిటెక్ట్ చేత అద్దాల ఇల్లు కట్టించుకున్న డాక్టరమ్మ ఎడిత్ ఫార్న్స్‌వర్త్, సింకు కింద చెత్తబుట్ట పెట్టుకోడానికి లేదు, రోడ్డు మీంచి కనపడుతుంది అని మొత్తుకుంది. నాకా బాధ లేదు, మా చెత్తబుట్ట మీ పక్కనే ఉంది.

మిమ్మల్ని బాగుచేద్దామనీ చూశా. నాలుగంగుళాల ఫోమ్ వేయిస్తే సీటు ఎత్తై పిల్లల కాళ్ళు గాల్లో వేలాడాయి. పోనీ వీపుకి దిండు పెడదామంటే 14లో 5 అదే తినేసింది, మిగిలిన 9లో మనిషన్నవాడు ఎలా పడతాడు? కోసి వెడల్పు చేద్దామా అంటే పాత ఇళ్ళ పని తెలిసిన వడ్రంగి నా చేతిలో రంపం చూసి నన్నే కోసేలా చూశాడు. ఏం చేసినా రేపు తీసేస్తే మళ్ళీ మొదట్లాగే ఉండాలి, మేకు కూడా కొట్టకూడదు, ఇదీ ఆయన రూలు. మంచి రూలే, ఒప్పుకుంటా.

అందుకే మీకు ఎదురుగా కాళ్ళున్న సోఫా వేశాం, కిటికీకి అడ్డం రాకుండా వీపు పొట్టిది, లోతు మాత్రం మనిషి కాళ్ళు మడుచుకుని నిద్రపోయేంత. కింద మందపాటి రగ్గు, గోడకి కన్నం పెట్టకుండా నేలమీద నిలబెట్టే లైట్లు మూడు. మీ చెక్క వెలిసిపోకుండా కిటికీ అద్దాలకి ఎండ దెబ్బ తగ్గించే యూవీ ఫిల్మ్ కూడా అతికించాం, నా నడుం కోసం మీరేం చేశారో కాస్త చెప్పండి.

గీసినవాళ్ళంతా ఇంతేనని అనట్లేదు సుమా. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో 1924లో రీట్‌వెల్డ్ అనే ఆర్కిటెక్ట్ ఒక ఇల్లు కట్టాడు, ముగ్గురు పిల్లలున్న ట్రూస్ ష్రోడర్‌కి, ఆవిడ పక్కనే కూర్చుని ఇలా కావాలి అలా కావాలి అని చెప్పి చేయించుకుంది. పైఅంతస్తులో జరిపే గోడలు, పగలు పక్కకి నెట్టేస్తే ఒకటే హాలు, రాత్రి అడ్డంగా లాగితే ఎవరి గది వాళ్ళకి. 1985లో పోయేదాకా ఆవిడ అక్కడే ఉంది. మిమ్మల్ని గీసినప్పుడు పక్కన ఎవరూ కూర్చోలేదు, కూర్చుని ఉంటే ఆ కాస్త చోటు చాలదని తెలిసుండేది.

వచ్చే ఆదివారం ఆర్కిటెక్చర్ స్టూడెంట్లు మిమ్మల్ని చూడ్డానికి వస్తున్నారంట, శనివారం రాత్రి ఖాళీ చేసి తుడిచి పెడతాం, ఫొటోలకి బాగా పడండి. అప్పటిదాకా ఆ స్కూల్ బ్యాగులూ, తడి తువ్వాలూ మీ మీదే ఉంటాయి.

ఇట్లు,
ఎదురు సోఫాలోంచి (రాస్తూ రాస్తూ ఇక్కడికొచ్చి పడ్డా)