శుభలేఖ ఏపీకే గారికి

మహారాజశ్రీ శుభలేఖ ఏపీకే గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, కుశలం మీ ఒక్కరిదే.

పెళ్లి పిలుపు వేషంలో, ఫోనులో యాప్‌ను దింపే ఏపీకే ఫైలుగా మా బాబాయి నంబరు నుంచి దయచేశారు. ఎవరి పెళ్లో అడగకుండానే నొక్కాను. శుభలేఖను అనుమానించే అలవాటు మన ఇళ్లలో లేదు కదా! అంచులకు పసుపు లేనప్పుడైనా గ్రహించాల్సింది. ఎస్ఎంఎస్‌లు చదువుతానన్నారు, సరేనన్నాను. ఇంకేవో అడిగారు, వాటికీ సరేనన్నాను. తెరిస్తే వధువూ లేదు, వరుడూ లేడు. కాసేపటికి మీ గుర్తు కూడా తెర మీద లేదు. ఫైలు పాడైందనుకుని పడుకున్నాను.

మీ కాపురం చూస్తే ముచ్చటేస్తోంది. తెర వెనక ఊరికే కూర్చునే యాప్‌లను లేపి పంపేయాలని 2017లో ఆండ్రాయిడ్ 8 కట్టడి చేసింది. పనిలో ఉన్నట్టు నోటిఫికేషన్ చూపినవాళ్లను మాత్రం ఉండనిచ్చింది. మీరు వెంటనే 'సిస్టమ్ అప్‌డేట్ జరుగుతోంది' అని బోర్డు తగిలించుకున్నారు. బ్యాటరీ ఆదా కోసం ఫోను అందరినీ నిద్రపుచ్చుతుంటే, మీకు మినహాయింపు నా వేలితోనే ఇప్పించుకున్నారు. ఫోను ఆపి వెలిగిస్తే, వెలిగిందన్న చాటింపు చెవిన పడగానే లేచి కూర్చుంటారు. మా పాలవాడికి కూడా ఇంత నియమం లేదు.

అన్నిటికంటే నన్ను మండించింది యాక్సెసిబిలిటీ సంగతి. చూపు లేనివారికి తెర చదివి వినిపించడానికి, చేతులు ఆడనివారి బదులు నొక్కడానికి పెట్టిన సదుపాయం అది. మీ కళ్లకు ఏమైందండీ? నా ఓటీపీని నాకంటే ముందే చదివారే! బయటి నుంచి వచ్చిన ఫైళ్లకు ఆ తలుపు మూయాలని 2022లో ఆండ్రాయిడ్ 13 ప్రయత్నించింది. మీ వాళ్లు ముందుగా ఒక బుల్లి యాప్‌ను పంపి, యాప్ స్టోర్లు వాడే పద్ధతిలోనే దాని చేత మిమ్మల్ని దింపించారు. కాపలావాడు మిమ్మల్ని స్టోరు తాలూకు మనిషనుకుని సలాం కొట్టి లోపలికి పంపాడు.

మిమ్మల్ని సాగనంపుదామని సెట్టింగ్స్ తెరిచాను. జాబితాలో ఒక మూల, పేరు కూడా లేకుండా దొరికారు. 'అన్‌ఇన్‌స్టాల్' దగ్గరికి వేలు చేరేలోపే తెర హోమ్‌కు దూకింది. మళ్లీ వెళ్లాను, మళ్లీ దూకింది. పక్కనుంచి చూస్తున్న మా అమ్మాయి, "నాన్నా, ఎందుకు మాటిమాటికీ వెనక్కి వచ్చేస్తున్నావు?" అంది. నేను కాదు తల్లీ, శుభలేఖ!

చివరికి తనే సేఫ్ మోడ్‌లో ఫోను వెలిగించింది. అక్కడ మీలాంటి బయటివాళ్లకు లేవడానికి వీలుండదు. ఎవరూ తీసేయకుండా మీరు తగిలించుకున్న అడ్మిన్ హోదా ఊడబీకి, మిమ్మల్ని తీసేసింది. ఆ తర్వాత సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేశాం. ఖాతాలో డబ్బు మాత్రం మీకంటే ముందే వెళ్లిపోయింది.

ఉంటాను. నా నంబరు నుంచి బంధువులందరికీ శుభలేఖలు వెళ్లాయట. మేనత్త ముహూర్తం ఎప్పుడని అడగడానికి ఫోను చేస్తోంది.

ఇట్లు,
అడిగిన ప్రతిదానికీ 'అనుమతించు' నొక్కినవాడు