నేనూ చప్పట్లు కొట్టాను

డిసెంబరులో అమెరికాలోని మన తెలుగు సంఘం విశాఖలో జరిపిన సేవా దినాలకు వచ్చినవారికి ఆ సాయంత్రం గుర్తుండే ఉంటుంది. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, కూచిపూడి అయ్యాక రింగులో టీవీ కుస్తీల తరహా పిల్లల రెజ్లింగ్. సెలవులకు వెళ్లిన మన పిల్లలే. అక్కడి శిక్షణాలయంలో పది రోజులు నేర్చుకున్నారు. పన్నెండేళ్లవాడు ఎనిమిదేళ్ల బాబును భుజాల మీదికెత్తి వెనక్కి పడేశాడు. చెక్క దద్దరిల్లింది. బాబు లేచి, నడుముకున్న అట్ట బెల్టు సర్దుకుని, వెనక తెరకు నమస్కారం పెట్టాడు. హాలంతా నవ్వింది. నేనూ చప్పట్లు కొట్టాను.

పిల్లల డాక్టరైన మా చెల్లెలు కొట్టలేదు. "జనం ఏ పక్కనున్నారో వాడికి తెలియలేదు, చూశావా అన్నయ్యా?" అంది. ఆ రాత్రి వాడు రెండుసార్లు వాంతి చేసుకున్నాడట. బీచ్ రోడ్డు మురీ మిక్చర్ పడలేదనుకున్నారు, తలకు దెబ్బ తగిలిందేమోనని ఎవరూ అనుకోలేదు. ఇప్పుడు బాగానే ఉన్నాడు, అది వాడి అదృష్టం.

అదంతా నాటకమే కదా అంటారు. గెలుపోటములు ముందే అనుకున్నవే, కానీ పడటం మాత్రం నిజం. రింగు అడుగున ఇనుప దూలాలు, వాటిపై చెక్క, ఆపైన పలచటి మెత్త. గడ్డం ఛాతీకి అదిమి, వీపంతా ఒకేసారి ఆనేలా పడాలి. చిన్నపిల్లలకు ఒంటితో పోలిస్తే తల పెద్దది, మెడ బలం తక్కువ. పది రోజుల్లో అబ్బే విద్య కాదది.

మేముండే వాషింగ్టన్ రాష్ట్రంలో 2009 నాటి చట్టం ఒకటుంది: ఆటలో తలకు దెబ్బ తగిలిందని అనుమానమొస్తే పిల్లవాణ్ని వెంటనే బయటికి తేవాలి, వైద్య నిపుణుల రాతపూర్వక అనుమతి లేనిదే మళ్లీ దించకూడదు. ఏటా సాకరుకు ముందు తల దెబ్బల గురించి చదివామని కాగితం మీద సంతకం పెట్టే చేతులే విశాఖలో ఫోన్లెత్తి వీడియో తీశాయి. విమానం దిగగానే 'ఏం కాదులే' అన్న మాట మన నోటికి ఎలా వచ్చేస్తుందో!

విశాఖ పాతనగరంలోని మా తాతగారి తాలింఖానాలో, అంటే కుస్తీ వ్యాయామశాలలో, మల్లయోధుడు కోడి రామ్మూర్తినాయుడి పటానికి దండం పెట్టందే గోదాలోకి రానిచ్చేవారు కాదు. ఆర్నెల్లు దండీలు, బస్కీలు. ఆ తర్వాతే తడి ఇసుకలో పడటం నేర్పేవారు. ఆ పద్ధతి ఇప్పుడెక్కడ అని నేను గొప్పగా చెబుతుంటే, "పెదనాన్న భుజం విరిగింది ఎక్కడ?" అంది చెల్లెలు. అక్కడే. మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు.

భారత బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ పిల్లలను వినోద, క్రీడా ప్రదర్శనల్లో షరతులతో అనుమతించింది, సర్కస్‌లో తప్ప. రంగు దీపాలు, హోరెత్తే పాట, గాల్లోంచి పడే పిల్లవాడు: ఇది ఆటా, సర్కసా?

కుస్తీ వద్దనను. మ్యాట్ మీద పట్లు నేర్చుకోనివ్వండి. ఎత్తి పడేయడాలు, తాళ్లెక్కి దూకడాలు పెద్దయ్యాక చూసుకుందురు. మొన్న వచ్చిన ఉగాది కార్యక్రమాల జాబితాలో పదకొండో అంశం మళ్లీ అదే. కార్యవర్గ మిత్రులారా, దయచేసి దాన్ని కొట్టేయండి. ఆ బాబు మృదంగం కూడా నేర్చుకుంటున్నాడు. ఆ పది నిమిషాలూ వాడి మృదంగానికి ఇవ్వండి.