గింజ ఆగుతుంది, ఆకు ఆగదు

‘కూరగాయలు, పండ్లు, పప్పులు ఎక్కువగా తీసుకోండి.’ డాక్టర్ ఈ మాట చెప్పడానికి అర నిమిషం చాలు. వచ్చే జీతంలో ఆ మాటను ఇమడ్చడానికి నెలంతా తంటాలు పడాలి. పోషకాహారం మీద జరిగే ప్రచారంలో నాకు చిరాకు తెప్పించేది ఇదే: జనం తెలియక తినడం లేదనుకోవడం. చాలామందికి తెలుసు, కొనలేకపోతున్నారు.

ఐక్యరాజ్యసమితి సంస్థలు ఏటా విడుదల చేసే ఆహార భద్రత నివేదిక 2020లోనే దీన్ని లెక్కగట్టింది. పిండిపదార్థాలతో కడుపు నింపుకోవడానికి అయ్యే ఖర్చుకు సగటున అయిదు రెట్లు పెడితే గానీ ఆరోగ్యకరమైన భోజనం దొరకదు. 2024లో ఆ స్తోమత లేనివాళ్లు దాదాపు 260 కోట్ల మంది. 2019లో 276 కోట్లు ఉండేవారు కాబట్టి తగ్గినట్టే. ఆఫ్రికాలో మాత్రం ఆ సంఖ్య పెరిగి 100 కోట్లు దాటింది.

గింజకూ ఆరోగ్యకరమైన భోజనానికీ ధరలో ఎందుకింత తేడా? గింజను బాగా ఎండబెట్టి, తేమ తగలకుండా గోనెసంచిలో పోసి కుట్టేస్తే నెలల తరబడి ఉంటుంది. ధర పడిపోతే కొన్నాళ్లు ఆగొచ్చు, ఓడెక్కించొచ్చు, గోదాములో దాచొచ్చు. ఆకుకూరకు ఆ వెసులుబాటు లేదు. కోసిన క్షణం నుంచే దానిలోని నీరు ఆవిరవుతూ ఉంటుంది. పొద్దున నిగనిగలాడిన కట్ట నీడలేని బండిలో మధ్యాహ్నానికి తల వాల్చేస్తుంది. అడుగున ఉన్నవి బరువుకు నలిగి, వేడెక్కి, నల్లబడతాయి. సాయంత్రానికి అమ్మేవాళ్లకు రెండే దారులు: వచ్చిన కాడికి ఇచ్చేయడం, లేదంటే పారబోయడం. ఆ నష్టం ఎక్కడికీ పోదు. మర్నాడు మనం కొనే కట్ట ధరలో నిన్న పారబోసిన కట్ట ధర కూడా కలిసి ఉంటుంది.

అందుకే ‘ఇంకా పండించండి’ అన్న సలహా సగమే పనిచేస్తుంది. పండినది చెడకుండా చేర్చడానికి ఎంత పెడుతున్నామన్నది అసలు ప్రశ్న. 2013-18 మధ్య ప్రపంచ దేశాలు ఆహార, వ్యవసాయ రంగాలకు ఏటా సగటున దాదాపు 63,000 కోట్ల డాలర్ల మద్దతు ఇచ్చాయి. అందులో దాదాపు 70 శాతం నేరుగా ఉత్పత్తిదారులకే వెళ్లింది. పరిశోధన, రోడ్లు, నిల్వ, తనిఖీల్లాంటి ఉమ్మడి సేవలకు దక్కింది 11,100 కోట్లు. పైగా ఈ మద్దతు అంతా బడ్జెట్‌లోంచి ఇచ్చిన డబ్బు కాదు. దిగుమతి సుంకాల రూపంలో వినియోగదారుడి జేబులోంచి వచ్చినదీ ఉంది. వరి, చక్కెర, మాంసానికి దండిగా ప్రోత్సాహం అందితే పండ్లు, కూరగాయలకు అందింది తక్కువ.

చవక అనుకున్న తిండి నిజంగా చవకా అంటే అదీ కాదు. జబ్బులు, పర్యావరణ నష్టం వంటి బిల్లులో కనిపించని ఖర్చులు ఏటా కనీసం 10 లక్షల కోట్ల డాలర్లని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2023లో అంచనా వేసింది. అందులో 70 శాతానికి పైగా మన తిండి తీరు వల్ల వచ్చేదే.

అలాగని ధాన్యం సబ్సిడీలను రాత్రికి రాత్రి కోసేస్తే ముందు దెబ్బతినేది చిన్న రైతు, ఆ గింజ మీదే బతికే పేద ఇల్లు. కొత్తగా పెట్టే ప్రతి రూపాయిని, ప్రతి డాలర్‌ను పండ్లు, కూరగాయలు చెడకుండా చేర్చే పనుల వైపు మళ్లించడం అంతకంటే సురక్షితం. ఊరూరా కోల్డ్ స్టోరేజీలు కట్టేస్తే చాలన్న మాటనూ నేను పూర్తిగా నమ్మను. వాటికి కరెంటు కావాలి. శీతలీకరణలో వాడే కొన్ని వాయువులు లీకైతే కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తాయి. పొలం గట్టున నీడ, సంచులకు బదులు ప్లాస్టిక్ క్రేట్లు, తడి ఇసుక నింపిన ఇటుక గోడల చల్లటి గది చాలాచోట్ల ముందు చేయాల్సిన పనులు. రిబ్బన్ కటింగ్‌కు పనికిరావు కాబట్టి వీటి మీద నాయకుల దృష్టి పడదు.

బ్రెజిల్ ఈ సమస్య దగ్గరికి ఇంకో వైపు నుంచి వచ్చింది. బడి భోజనానికి కేంద్రం ఇచ్చే నిధుల్లో కనీసం 30 శాతం చిన్న కుటుంబ రైతుల దగ్గరే ఖర్చు చేయాలని 2009లో చట్టం చేసింది. పిల్లల పళ్లెం గురించే అందరూ మాట్లాడతారు గానీ నాకు ఇందులో నచ్చింది రైతు వైపు లెక్క. ఏ రోజుకు ఎన్ని కిలోలు కావాలో ముందే తెలిసినప్పుడు రైతు ఆ రోజు పొద్దున అన్ని కిలోలే కోస్తాడు.