కంపెనీ ప్లేటు లేకపోతే అది తుక్కేనా?

పొద్దున్నుంచి నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గేలా లేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

వరంగల్‌లో మా అన్న ఇంటి వెనక ఒక రేకుల షెడ్డు ఉంది. కారు పెట్టుకోవడానికి జాగ కావాలని దాన్ని ఖాళీ చేయిస్తున్నాడు. పాత యూరియా బస్తాల కింద, గోడ మూలకు, మోకాలెత్తు ఇనుప పెట్టె ఒకటి బయటపడింది. ఇద్దరు పట్టినా కదల్లేదట. ముందు రెండు లావు ఇత్తడి బోల్టులు, పైన సైకిల్ పెడల్ రాడ్డుతో చేసిన తిప్పుడు పిడి. పేరు లేదు, నంబరు లేదు, మీటరు లేదు. ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడితే ఒకరు స్టెబిలైజర్ అన్నారు, ఒకరు బ్యాటరీ చార్జర్ అన్నారు, మా చిన్నాయన అయితే పాత రైస్‌మిల్లు స్టార్టరే అని ఖాయం చేసేశాడు.

నేను పనిలో పడి ఫోన్ చూసుకోలేదు. చూసుకుని ఆటో ఎక్కి వెళ్లేసరికి పాత సామాన్లాయన కాంటా దించి రెడీగా ఉన్నాడు. అప్పటికే ఒక కేబుల్‌ను బ్లేడుతో కోసి సంచిలో వేసుకున్నాడు. కోసిన చోట రాగి కొత్తదానిలా ఎర్రగా మెరుస్తోంది. ఆయన్నేమీ అనను, ఆయన బతుకుదెరువు అది. "అక్కా, లోపల రాగి మంచిగనే ఉన్నట్టుంది, రేటు కట్టిస్త" అన్నాడు పాపం. నా కోపం ఇంట్లోవాళ్ల మీద.

మా మేనల్లుడు ఈఈఈ, అంటే ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, చదివాడు. వాడు నాతో అన్న మాట ఇది: "అత్తా, నేను చెక్ చేసిన. ఇంట్లో ప్లగ్గుకు పెడితే మోగుతుంది గానీ 36 వోల్టులే వస్తున్నయ్. దేనికీ పనికిరాదు. కంపెనీ పేరు కూడా లేదు దీనికి."

ముందు ఆ ప్లగ్గు సంగతే చెప్తాను. ఇన్నేళ్లు చెమ్మలో, ఎలుకల మధ్య పడి ఉన్న కాయిల్. దాని మీద ఉన్న ఇన్సులేషన్ అంతా నూలు టేపు, వార్నిషు. అది ఎక్కడ చివికిందో ఎవరికి తెలుసు? మెగ్గర్ (ఇన్సులేషన్ బాగుందో లేదో చూపే మీటరు) పెట్టి చూడకుండా, బాడీకి ఎర్త్ ఇవ్వకుండా కరెంటు పెడతారా ఎవరైనా? బాడీకి కరెంటు పాసై ఉంటే? నాలుగేళ్లు కాలేజీకి పోయిన పిల్లాడు చేసే పనేనా ఇది? పక్కన నిలబడి చూసిన మా అన్నకైనా భయం వేయలేదా?

స్క్రూడ్రైవర్ తెమ్మని పైరేకు నేనే విప్పాను. లోపల బూజు, ఎలుక గూడు, వాటి కింద స్టాంపింగుల దిమ్మ, అంటే పలచటి ఇనుప రేకులు పేర్చిన దిమ్మ. దాని మీద రెండు కాయిళ్లు. ఒకటి సన్న తీగ, ఇంకొకటి వేలంత వెడల్పు రాగి పట్టీ. ఫైబర్ షీటు మీద పెన్సిల్‌తో రెండు అంకెలు: 280, 44. ఆ రెండు నాలుగులూ వెనక్కి వాలిపోయి ఉన్నాయి. నేను ఐదో తరగతిలో అట్లాగే రాసేదాన్ని. ఆ అంకెలు రాసింది నేనే.

అక్కడే కింద కూర్చుండిపోయాను. మా బాపు తీగ చుడుతుంటే చుట్లు లెక్కపెట్టే పని నాది. పది చుట్లకు ఒక చింతగింజ పక్కన పెట్టాలి. ఇరవై ఎనిమిది గింజలు అయ్యేదాకా లేవొద్దు, మాట్లాడొద్దు. మధ్యలో ఎవరో పిలిస్తే లెక్క తప్పాను. బాపు ఒక్క మాట అనకుండా మొత్తం విప్పి మళ్లీ మొదటినుంచి చుట్టాడు. తర్వాత ఆ మిషన్ అమ్మేశానని చెప్తే నమ్మాను. అమ్మలేదు. బస్తాల కింద దాచుకున్నాడు.

ఇది వెల్డింగ్ మిషన్. మా బాపు సొంతంగా చేసుకున్న వెల్డింగ్ మిషన్. మేనల్లుడా, ఆ 36 వోల్టులే నీకు అసలు సంగతి చెప్తున్నాయి, నువ్వే వినలేదు. ఇది ఇంటి కరెంటుకు చేసింది కాదు. రెండు ఫేజుల మీద 440కి చేసింది. సన్న తీగ 280 చుట్లు, రాగి పట్టీ 44 చుట్లు. 440ని 280తో భాగించి 44తో గుణించు, 69 వస్తుంది. రాడ్డు అంటుకుని ఆర్క్, అంటే రాడ్డు కొసన మెరుపు, నిలబడాలంటే కావాల్సింది దాదాపు అన్ని వోల్టులే. నువ్వు 230 ఇచ్చావు కాబట్టి 36 వచ్చింది. బాపు చుట్ల లెక్క కరెక్టుగానే ఉందని ఆ అంకే చెప్పింది. చార్జర్ అయితే కరెంటును ఒకవైపే పంపే డయోడ్లు లోపల ఉండాలి కదా, ఏవి? స్టెబిలైజర్‌కు వేలంత రాగి పట్టీ ఎందుకు?

బాపు దగ్గర పని నేర్చుకున్న ఒక అన్న ఇప్పుడు ఆటోనగర్‌లో ఉన్నాడు. ఫోన్ చేస్తే ఫొటో కూడా అడగలేదు. "పైన సైకిల్ పిడి ఉందా చెల్లే? తిప్పితే నడుమ దిమ్మ లోపలికి పోతదా?" అన్నాడు. పోతుంది. తుప్పు పట్టి కిర్రుమంటూనైనా పోతుంది. దిమ్మ లోపలికి పోయేకొద్దీ అయస్కాంత ఫ్లక్స్ పక్కదారి పట్టి కరెంటు తగ్గుతుంది, సన్న రాడ్డుకు అది చాలు. బయటికి లాగితే పెరుగుతుంది, లావు రాడ్డు, పది నంబరుది, ఆడుతుంది. కంపెనీ మిషన్లలో ఉండే పద్ధతే ఇది. బాపు ఏడో తరగతి. కంపెనీ మిషన్ కొనే స్తోమత లేక, మోటార్ వైండింగ్ చేస్తూ చేస్తూ ఈ లెక్క పట్టుకున్నాడు.

ఆ రోజుల్లో మోటార్లకు కొదవ లేదు మరి. లో వోల్టేజికి రోజూ ఎవరిదో ఒకరిది కాలేది. రైతులు కాలిన మోటారును ఎడ్లబండి మీద వేసుకొచ్చి, అది అయ్యేదాకా షాపు ముందే పడుకునేవాళ్లు, పొలం ఎండిపోతోందని. రాత్రి కరెంటుకు బావి కాడికి పోయి పాము కరిచి చచ్చిపోయినవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. మన తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1న వచ్చింది. బాపు అది చూడలేదు.

ఈ మిషన్ మీద ఎన్ని కేజ్‌వీల్స్ (బురద దున్నే ట్రాక్టరు ఇనుప చక్రాలు) తయారయ్యాయో, ఎన్ని నాగళ్లు అతికాయో లెక్క లేదు. రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మంట అంటే అవ్వ ఆలుగడ్డ ముక్కలు కోసి రెప్పల మీద పెట్టేది. ఆ కళ్లతోనే తెల్లారి మళ్లీ షాపు తెరిచేవాడు. మా అన్న ఫీజు, నా పెళ్లి, ఇప్పుడు కారు పెట్టాలంటున్న ఆ జాగ, అన్నీ ఈ పెట్టెలోంచే వచ్చాయి.

ఇంకో సంగతి. ఇన్నేళ్లుగా మింగుతున్నది ఇవాళ కక్కేస్తాను. మా ఊరి గుడికి పెద్ద గేటు ఉంది. దాని మీద పద్మాలు, హంసలు, సన్న చువ్వలు ఒక్కొక్కటి వంచి అతికింది బాపే. పదకొండు రోజులు పట్టింది. కూలి సగమే ఇచ్చారు, మిగతాది దేవుడి ఖాతా అన్నారు, సరే. గేటు పక్కన గ్రానైటు పలక మీద ఇనుము ఇప్పించిన దాత పేరుంది, ఆయన భార్య పేరుంది, ఆయన నాయిన పేరుంది. చేసినాయన పేరు లేదు. ప్రారంభం రోజు కమిటీ వాళ్లు మైకులో "వెల్డింగాయన కూడా వచ్చి ప్రసాదం తీసుకోవాలె" అన్నారు. వెల్డింగాయన. నలభై ఏళ్లు ఆ ఊళ్లో బతికిన మనిషికి ఒక పేరు ఉండదా? బాపు నవ్వి ప్రసాదం తీసుకున్నాడు. నాకు అప్పుడు పదహారేళ్లు. ఆ పులిహోర నేను తినలేదు.

మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో చేసిన ఉక్కు పర్షియా దాకా పోయిందని, అక్కడ కత్తులు చేసుకున్నారని మనమందరం గొప్పగా షేర్ చేస్తాం కదా. నేనూ చేశాను. ఆ ఉక్కు కాచినవాళ్లలో ఒక్కరి పేరైనా మనం చెప్పగలమా? వాళ్ల ముంగిట్లోనూ ఇట్లాగే ఎవరో కాంటా దించి ఉంటారు. పెంబర్తి ఇత్తడి జ్ఞాపికను ఇంట్లో అద్దాల అల్మారాలో పెట్టుకున్న మా అన్నే, బాపు చేత్తో చేసినదాన్ని కిలోల లెక్కన అమ్మబోయాడు. వయసు పైబడి మతిమరుపు వచ్చినవాడైతే ఊరుకునేదాన్ని. ఆ షాపులో నల్ల అద్దం పట్టుకుని బాపు పక్కన కూర్చున్నవాడే వాడూ.

పాత సామాన్లాయనకు డబ్బులిచ్చి ఆ కేబుల్ ముక్క వెనక్కి తీసుకున్నాను. ఆదివారం ఆటోనగర్ అన్న మెగ్గర్ తీసుకుని వస్తానన్నాడు. కాయిల్ ఎండబెట్టి, వార్నిషు కొట్టి, అప్పుడు చూద్దాం అన్నాడు.

అన్నా, ఈ పోస్టు నువ్వు చదువుతావని తెలుసు. ఆదివారం దాకా షెడ్డు తాళం నా దగ్గరే ఉంటది. కారు బయటే పెట్టుకో.