అబ్బా వారి గుజ్జు డబ్బా

మా చిత్తూరు వైపు 'అబ్బా' అంటే పిలుపు. "ఏమబ్బా, ఎప్పుడొస్తివి?" "పోనీలే అబ్బా." అందుకే నా చిన్నప్పుడు మా పెదనాన్న కొడుకు "అబ్బా క్యాసెట్ వచ్చింది!" అని గుమ్మంలోంచి అరిస్తే, మా అమ్మ వంటింట్లోంచి "ఏ అబ్బరా?" అని అడిగింది. అది ఇంగ్లీషు పాటల బృందం, ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు, ఊరు స్వీడన్ అని అన్న చెప్పేసరికి పప్పు మాడింది.

తిరుపతి గాంధీ రోడ్డులో అన్నకు రికార్డింగ్ షాపు ఉండేది. బార చాపితే రెండు గోడలూ చేతికి తగిలేవి. జనం కాగితం మీద పాటల లిస్టు రాసుకొచ్చి ఇస్తే ఖాళీ క్యాసెట్లో ఎక్కించి సాయంత్రానికి చేతిలో పెట్టేవాడు. ఎక్కువగా ఇళయరాజానే, సగం తెలుగు, సగం తమిళం. యూనివర్సిటీ హాస్టల్ పిల్లలకు ఇంగ్లీషు పాటలు కావాలి. వాటికోసం మద్రాసు రైలెక్కి బర్మా బజారుకు పోయొచ్చేవాడు. అరవై నిమిషాల క్యాసెట్టు, సైడుకు ముప్పై. లిస్టు అయిపోయి టేపు మిగిలితే "ఏం కలపమంటావు?" అని అడిగేవాడు. టేపు అయిపోయి పాట మిగిలితే మాత్రం అడిగేది లేదు, కోసెయ్యడమే. నా క్యాసెట్లో 'ద విన్నర్ టేక్స్ ఇట్ ఆల్' సగం దాటాక టక్కున ఆగిపోయేది. ఇప్పటికీ ఇక్కడ, పరాయి దేశంలో, హైవే మీద పోతూ ఆ పాట వింటుంటే, సరిగ్గా ఆ చోటుకొచ్చేసరికి క్యాసెట్ తిప్పడానికి చెయ్యి లేస్తుంది.

ఆ పాట 1980ది. ఆ నలుగురిలో మొగుడూపెళ్ళాలైన బ్యోర్న్, అగ్నెతా విడాకులు తీసుకున్న ఏడు. రాసింది ఆయన, పాడింది ఆవిడ. అది అచ్చంగా మా కథ కాదని ఆయన తర్వాత చెప్పుకున్నాడు గానీ, ఆ గొంతు విన్నవాళ్ళు నమ్మితే కదా. మరుసటి ఏడు రెండో జంట బెన్నీ, ఫ్రీదా కూడా విడిపోయారు. 1981 చివర్లో వచ్చిన 'ద విజిటర్స్' ఆల్బమ్ వింటుంటే సామాను సర్దుకుంటున్న ఇంట్లో కూర్చున్నట్టుంటుంది. తళుకు బట్టలు చూసి వాళ్ళను తేలిగ్గా తీసేసేవాళ్ళున్నారు. తాళం గెంతుతుంటే మాట లోపల్లోపల ఏడవడం, అదీ వాళ్ళ విద్య. వేరేవాళ్ళు చాలామంది ప్రయత్నించారు, గెంతు వచ్చింది, ఏడుపు రాలేదు.

ఆ తర్వాత 40 ఏళ్ళు ఆల్బమ్ లేదు. మళ్ళీ కలిసి కచేరీలు చెయ్యండి, వంద కోట్ల డాలర్లిస్తామని ఒకరు ముందుకొస్తే 2000లో వద్దన్నారు. ఆ వద్దనడం మీద నాకు చాలా గౌరవం. చివరికి 2021 నవంబరు 5న 'వాయేజ్' వచ్చింది. పది పాటలు, ముప్పై ఏడు నిమిషాలు. ఇక్కడి మన తెలుగు సంఘం పిక్నిక్‌లో అందరూ ఆహా ఓహో అంటుంటే నేనూ తలూపాను. ఈ వ్యాసం ఆ తలూపినందుకు ప్రాయశ్చిత్తం అనుకోండి.

మొన్న తిరుపతి పోయినప్పుడు అన్న వాళ్ళ మిద్దె మీద కూర్చుని ఆ ఆల్బమ్ పెట్టాను. షాపులో ఇప్పుడు ఫోన్ కవర్లు, ఛార్జర్లు అమ్ముతున్నాడు. ఎదురుగా కొండ దారి దీపాలు. మొదటి పాటకు కళ్ళు మూసుకున్నాడు. "గొంతులు దిగినాయి. బాగుండాయి" అన్నాడు. నిజమే. ఆల్బమ్ వచ్చేనాటికి అగ్నెతాకు 71, ఫ్రీదాకు 76 నిండడానికి పది రోజులు తక్కువ. ఆ వయసు గొంతులో వినిపించడం నాకు నచ్చింది. నా ఫిర్యాదు ముసలితనం మీద కాదు.

రెండో పాట పల్లె విడిచి పోయినవాడిది. వచ్చే ఏడు వస్తానని చెప్పి ఐర్లండ్‌లోని కిల్కెన్నీ వదిలి పట్నం పోయాడు, తిరిగి సంత చూడ్డానికి వచ్చాడు, పాడుతున్నది అక్కడే ఉండిపోయిన ఆడమనిషి. కథ చెబితే అన్న నా వైపోసారి చూశాడు. "ఇది మీ పాటే కదరా" అన్నాడు. మనందరినీ నిలువునా కోయాల్సిన పాట. దాన్ని తీసుకుపోయి ఐరిష్ చిందులో ముంచేశారు, టూరిస్టు బస్సు దిగినవాళ్ళకు వాయించినట్టు. మూడోది క్రిస్మస్ పొద్దుటి పాట, చివర్లో చిన్నపిల్లల కోరస్. "ఇది స్కూల్ డే ఐటమ్" అన్నాడు అన్న. నాలుగోది 'డోంట్ షట్ మీ డౌన్'. అన్న కాలు ఆడింది. ఆ పాటను నేనూ వదులుకోను.

ఐదో పాట మొదలై పది సెకన్లు కాలేదు, స్పీకర్ మీదికి వంగాడు.

"ఇది పాత టేపు."

"ఎట్ల తెలిసింది?"

"గొంతులు, రా. ముందు పాటలో ఆడవాళ్ళకు పిల్లోళ్ళుగా ఉండారు వీళ్ళు."

అన్న చెవికి దండం పెట్టాలి. ఆ పాట గొంతులు నిజంగానే 1978లో రికార్డు చేసినవి. అప్పుడు పక్కన పెట్టేశారు. 2021లో వాయిద్యాలు మాత్రం కొత్తగా కట్టి వదిలారు. అప్పట్లో వాళ్ళకే చాలదనిపించి మూలన పడేసిన పాట, ఇప్పటి ఆల్బమ్ నడుమ అందరికంటే హుషారుగా కూర్చుంది. నా బాధంతా అక్కడుంది.

ఆ తర్వాత చెప్పుకోవాల్సింది ఏడోదే. విడాకులైన తల్లి బిడ్డను వారాంతానికి మాజీ మొగుడింట్లో దించి, కారులో కూర్చుని చూసే పాట. వస్తువు పాత అబ్బాదే. తీరా గుండె పట్టుకునే వేళకు, చివర్లో పియానో మీద తమ పాత 'ఎస్ఓఎస్' వరస వాయించి కన్ను కొట్టారు. గుర్తుపట్టావా అని. గుర్తుపట్టాను. ఏడుపు ఆగిపోయింది.

మన జిల్లావాళ్ళకు చెప్పనక్కర్లేదు, పల్ప్ ఫ్యాక్టరీల గేట్ల ముందు మామిడి ట్రాక్టర్లు బారులు తీరడం మనం చూసిందే. అక్కడి గుజ్జు డబ్బాలకెక్కి సముద్రాలు దాటుతుంది. ఇక్కడి ఇండియన్ స్టోర్లో మనం కొనేదీ అదే, మామిడి లస్సీకి బ్రహ్మాండంగా ఉంటుంది. తీపి తప్పదు, రంగు తప్పదు. టెంక మాత్రం ఉండదు. సొన ఉండదు, పెదవి మీద పొక్కదు, మోచేతి దాకా కారదు. 'వాయేజ్' తప్పేమీ లేకుండా డబ్బాకెక్కిన ఆల్బమ్.

అది డబ్బా ఎందుకయ్యిందో తెలుసుకోవాలంటే లండన్ చూడాలి. 2022 మే 27న అక్కడ మూడు వేలమంది పట్టే హాలు తెరిచి, 1970ల నాటి వయసులో ఉన్న తమ కంప్యూటర్ బొమ్మలతో కచేరీ మొదలుపెట్టారు. ఆ బొమ్మల కోసం నలుగురూ ఐదు వారాలు 160 కెమెరాల ముందు ఆడిపాడారు. పనితనం గొప్పదే, కాదనను. కాకపోతే తమ యవ్వనాన్ని అంత శ్రద్ధగా కొలిచినవాళ్ళు పాటలకూ అదే కొలత పెట్టారేమో అనిపిస్తుంది. అభిమాని అడిగిందే ఇచ్చారు. మనమే కదా అడిగింది, పాత రుచి కావాలని.

వయసు మీద పడ్డాక అంతకంటే ఏం చేస్తారంటారా? తిరుపతిలో పూర్ణకుంభం సర్కిల్ దగ్గర ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి విగ్రహం ఉంది. 1963లో పాడిన సుప్రభాతం ఊరూరా మోగుతుండగా, అరవై దాటాక ఆవిడ దేవస్థానం కోసం 'బాలాజీ పంచరత్నమాల' పాడారు, ఐదు ఎల్పీ రికార్డులు. అచ్చం సుప్రభాతం లాంటిదే మరొకటి పాడినా జనం కళ్ళకద్దుకుని కొనేవాళ్ళు. ఆవిడ మాత్రం తన ఇంటి భాష కాని తెలుగులో అన్నమయ్య కీర్తనలెన్నో కొత్తగా నేర్చుకుని పాడారు. మరుసటి రోజు పొద్దున అన్న బండి మీద ఆ విగ్రహం ముందు నుంచే పోయాం. ఈ మాటే వెనక నుంచి అరిచి చెప్పాను. సిగ్నల్ పడింది.

"ఆయమ్మతో పోల్చడం అన్యాయం రా," అన్నాడు అన్న. కాసేపాగి, "నీ ఆల్బమ్‌లో మొదటిదీ నాలుగోదీ తీసుకుంటా. రెండూ కలిసి పది నిమిషాలు కూడా రావు. మిగతా సైడుకు ఏం కలపమంటావు?"