ఆదివారం పబ్ లంచ్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఆదివారం పబ్ లంచ్ గారి దివ్యసముఖానికి, ఇంగ్లండ్ దక్షిణ తీరాన బ్రైటన్‌లో కాపురముంటున్న కోనసీమవాడు, వారం వారం నడక గుంపులో ఏడో మనిషి వ్రాసుకున్న విన్నపం. ఉభయకుశలోపరి. ఆ కుశలంలో నా ఎడమ మోకాలిని మాత్రం కలుపుకోవద్దు. దాన్ని తమరి దాకా నడిపించినందుకే ఈ ఉత్తరం.

పేరుకి మాది నడక గుంపు. అడిగినవాళ్ళకి ప్రకృతి అంటాం, సముద్రపు గాలి అంటాం, ఆరోగ్యం అంటాం. కానీ గురువారం రాత్రి మా వాట్సాప్‌లో మొదట తేలేది దారి కాదు, తమరు ఎక్కడ దొరుకుతారన్నది. గుంపు పెద్ద ఒక రిటైరైన జాగ్రఫీ మాస్టారు. నారింజరంగు అట్ట ఉన్న ఆర్డ్‌నెన్స్ సర్వే (ప్రభుత్వ భూపటాల సంస్థ) మ్యాపు పరిచి, ముందు నీలిరంగు బీరు గ్లాసు బొమ్మ, అంటే పబ్, మీద వేలు పెడతారు. తర్వాత దాని చుట్టూ ఆకుపచ్చ గీతలు, అంటే నడకదారులు, వెతుకుతారు. ముందు గుడి, తర్వాత ప్రదక్షిణ. ఆ మ్యాపులో 4 సెంటీమీటర్లంటే కిలోమీటరు. కాగితం మీద చూస్తే జానెడే కదా అనిపిస్తుంది. ఆ జానెడులో మూడు కొండలుంటాయి.

ఫ్రెంచివాళ్ళు దండెత్తి వస్తారన్న భయంతో 1791లో ఈ సర్వే పెట్టి, ఈ దక్షిణ తీరాన్ని ముందుగా కొలిచారట. ఫ్రెంచివాళ్ళు రాలేదు. మేం వచ్చాం.

నేను పుట్టిన చోట ఊరికే నడిచేవాడుండడు. పనిలేకుండా కాలవగట్టు మీద రెండు కిలోమీటర్లు నడిస్తే ముగ్గురు బండి ఆపి ఎక్కమంటారు, నాలుగోవాడు మా ఇంటికి ఫోన్ చేస్తాడు. మొదటిసారి ఎనిమిది మైళ్ళు నడిచొచ్చానని గొప్పగా చెబితే మా అమ్మ అడిగింది, "ఏ గుడికి వెళ్ళావురా?" గుడి కాదమ్మా, భోజనానికి అన్నాను. అటువైపు కాసేపు చప్పుడు లేదు. "ఇంట్లో బియ్యం అయిపోయాయా?" అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కిన మనిషి ఆవిడ. కొండెక్కితే పైన దేవుడుండాలి, దిగేటప్పుడు చేతిలో లడ్డూ ఉండాలి. మా కొండ దిగితే చేతికి వచ్చేది టేబుల్ నంబరు రాసిన చెక్క చెంచా.

ఆమధ్య ఒకసారి జరిగిన సంగతి తమరికి గుర్తుండే ఉంటుంది. 12 నంబరు బస్సులో ఎక్సీట్‌లో దిగి, పాములా వంకర్లు పోయే కుక్‌మియర్ ఏటి పక్కన నడిచి సెవెన్ సిస్టర్స్ ఎక్కడం మొదలెట్టాం. పేరుకి ఏడుగురు అక్కచెల్లెళ్ళు. ఎక్కేవాడి మోకాళ్ళని అడిగితే పదకొండు మంది అంటాయి. ఒకరిని ఎక్కి దిగగానే ఇంకొకరు లేచి నిలబడతారు. అందరూ తెల్ల సుద్ద కొండలే, అందరికీ పచ్చగడ్డి కొప్పే. బర్లింగ్ గ్యాప్ దగ్గర సముద్రం ఒడ్డుని కొరుక్కుతింటోంది. అంచున వరసగా ఉన్న ఇళ్ళలో కొన్ని ఇప్పటికే లేవు. కాస్త అవతల బెల్ టూట్ లైట్‌హౌస్‌నైతే 1999లో ఏకంగా 17 మీటర్లు వెనక్కి జరిపారు. ఆ తీరంలో అన్నీ వెనక్కే జరుగుతుంటే, తమరి పుణ్యమా అని నా బెల్టు బకిల్ ఒక్కటే ఏటా ఒక చిల్లు ముందుకి జరుగుతోంది.

దారిలో కిస్సింగ్ గేట్లు. ఒక్కొక్క మనిషే పట్టే మలుపు గేటు, పశువులు దాటలేవు. ముద్దు అన్నది గేటుకీ గుంజకీ మధ్య వ్యవహారం, మనకేం సంబంధం లేదు. మొదటి వారం ఈ ముక్క ఎవరూ చెప్పక, పేరు విని మొహమాటపడి నేను ఇవతలే ఐదు నిమిషాలు బూటు లేసు కట్టుకుంటూ కూర్చున్నాను.

ప్రతి గేటు దగ్గరా మాస్టారు ఒక పాఠం చెబుతారు. ఈ నడిచే హక్కు ఊరికే రాలేదట. 1932 ఏప్రిల్ 24న డెర్బీషైర్‌లోని కిండర్ స్కౌట్ కొండ మీదికి వందలమంది, ఎక్కువమంది కార్మికులే, భూస్వాముల కాపలావాళ్ళని తోసుకుని ఎక్కారు. ఐదుగురు జైలుకెళ్ళారు. 1949లో చట్టం వచ్చింది. ఇవాళ ఇంగ్లండ్, వేల్స్‌లలో దాదాపు 1,40,000 మైళ్ళ దారులున్నాయి, ఆ దారి ఏ ఆసామి పొలంలోంచి పోయినా దర్జాగా నడవొచ్చు. (మా ఊళ్ళో పక్కవాడి గట్టు మీద కాలు పెడితే రెండు తరాలు కోర్టు చుట్టూ తిరగాలి.) అంతమంది కొట్లాడి సంపాదించిన దారిలో నేనేం ఆలోచిస్తూ నడుస్తున్నానో తమరికి తెలుసు. స్టేక్ అండ్ ఏల్ పై (బీరులో ఉడికిన గొడ్డుమాంసం పెట్టి, పైన పిండి మూతేసి కాల్చిన వంటకం) ఇవాళ మిగులుతుందా, మనం వెళ్ళేసరికి అయిపోతుందా?

ఇంత భక్తితో వస్తే తమరు చేసింది చెప్పనా? ఆ రోజు మేం దగ్గర్లో ఉన్న ఊరు ఈస్ట్ డీన్‌కి వెళ్ళలేదు, మాస్టారు వేరే ఊరి పబ్‌కి దారి తీశారు. ఊరు పేరు చెప్పను. వాకిట్లో ఏడు జతల బూట్లు విప్పాం, చీటీ ఇచ్చేవాడు లేని గుడి చెప్పుల స్టాండులా ఉంది. నా కుడి మేజోడులోంచి బొటనవేలు బయటికొచ్చి అందరినీ పలకరిస్తోంది. పొయ్యిలో కట్టె మండుతోంది, మేజోళ్ళ మీంచి ఆవిరి లేస్తోంది. కౌంటర్ దగ్గరికెళితే గడియారంలో 2.34. "వంటగది రెండున్నరకే కట్టేశామండీ. క్రిస్ప్స్ ఉన్నాయి, ఇమ్మంటారా?" క్రిస్ప్స్ అంటే మన ఆలూ చిప్స్. పెళ్ళింట్లో ఆఖరి బంతికి అందనివాడికి కూడా పెరుగన్నమన్నా పెట్టి పంపుతారు. మేం ఏడుగురం నాలుగు క్రిస్ప్స్ పొట్లాలు చింపి బల్ల మధ్యలో పరిచి, ఒక్కొక్కటే ఏరుకుని తిన్నాం. పక్క బల్ల కింద ఎవరిదో కుక్క. దానికి గిన్నెలో నీళ్ళు, చేతిలో బిస్కెట్టు. అది నా బొటనవేలు వంక జాలిగా చూసింది.

తెరిచి ఉన్న రోజు మాత్రం తమరు తక్కువ తిన్నారా? ప్లౌమన్స్ లంచ్ అని ఒకటి పెట్టారు. నాగలి పట్టినవాడి భోజనమట. ఒక రొట్టె ముక్క, ఒక చీజ్ పలక, పచ్చడి, ఒక ఊరేసిన ఉల్లిపాయ. ఆ పేరుని ఊరూరా తిప్పింది పాల మార్కెటింగ్ బోర్డు, 1960లలో, చీజ్ అమ్ముడుపోవడానికి. నిజంగా నాగలి పట్టిన మా తాత తిన్నది చద్దన్నం, మజ్జిగ, ఉల్లిపాయ. ఉల్లిపాయ ఒక్కటే రెండుచోట్లా నిజం.

ఇక యార్క్‌షైర్ పుడ్డింగ్. పుడ్డింగ్ అన్నారు కదా అని, తీపి అనుకుని, ప్లేటు అంచుకి నెట్టి ఆఖర్లో తిందామని దాచుకున్నాను. బంగాళదుంపలు అయ్యాయి, గ్రేవీ అయింది, అందరూ ఫోర్కులు కింద పెట్టారు. అప్పుడు కొరికాను. ఉత్త పిండి, లోపల గాలి. ఆరుగురు మర్యాదగా కిటికీలోంచి గొర్రెల్ని చూస్తూ కూర్చున్నారు. ఆ వారం నుంచి నా జాకెట్ లోపలి జేబులో ఆవకాయ సీసా ఉంటోంది. మొదట్లో బల్ల కింద దాచి వడ్డించుకునేవాణ్ణి. ఇప్పుడు డెబ్బై దాటిన పెద్దావిడ ఒకరు ఆర్డర్ ఇవ్వడానికి లేస్తూనే, "సీసా తెచ్చావా?" అని అడిగి మరీ వెళుతున్నారు.

అసలు ఫిర్యాదు ఇంకా రాలేదు. ఫిబ్రవరిలో మాస్టారికి తుంటి ఆపరేషన్ అయింది. ఆయన నడవలేరు కాబట్టి ఆ తర్వాత ఒక ఆదివారం అందరం రెండు కార్లలో నేరుగా తమరి దగ్గరికే వచ్చాం. అదే పబ్, అదే మూల బల్ల, అదే పై. బూట్లకి బురద లేదు, పొయ్యి పక్కన ఉక్కపోసింది. ఒక ముద్ద తిన్నాను. పిండి మందంగా ఉంది, మాంసంలో ఉప్పు లేదు, బఠాణీలు ఫ్రీజర్ వాసన. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మాస్టారు సగం ప్లేటు పక్కకి జరిపి, నెమ్మదిగా, "ఇది ఎప్పుడూ ఇంతేనా?" అన్నారు.

ఆకలి రుచి ఎరగదంటారు. ఇన్నేళ్ళూ తమరు చేయించుకున్న పొగడ్తలన్నీ మా ఎనిమిది మైళ్ళవి. వంట మేం చేసుకొస్తే వడ్డన తమరు చేసి, బిల్లులో సర్వీస్ ఛార్జి కూడా వేశారు. ఇందుకు సంజాయిషీ రాతపూర్వకంగా ఇవ్వగలరు.

ఇట్లు,
మీ ఏడో మనిషి

తా.క.: వచ్చే ఆదివారం ఒంటిగంటకి ఏడుగురికి టేబుల్ కావాలి, పొయ్యికి దగ్గరగా. మాస్టారు కర్రతో రెండు మైళ్ళు నడుస్తానంటున్నారు. మేం మామూలు దారినే వస్తాం. కాస్త ఆలస్యమైనా సరే, పై ఒకటి తీసి పక్కన పెట్టించండి.